నిష్క్రమణ ఒక్కటే చాలునా?

అన్యాయం జరిగిన చోటును విడిచి వెళ్లటం నైతిక కార్యమా, లేక చేతులు దులుపుకోవటమా? 2019 నవంబరునుంచి యీ ప్రశ్న నన్ను వేధిస్తూనే వున్నది.

ఆ రోజుల్లో సుప్రీంకోర్టు న్యాయవాది సంజయ్ హెగ్డే ఖాతాను ట్విట్టర్ నిలిపివేసింది. అందుకు చూపిన కారణాలలో ఒకటి, ఆయన గోరఖ్ పాండే హిందీ కవితను పంచుకోవటం. ఆ కవిత 1975 డిసెంబరు 1న ఉరితీయబడిన మన తెలంగాణా రైతాంగ విప్లవకారులు భూమయ్య, కిష్టాగౌడ్‌లకు సంబంధించినది. ఉరితీయమనే పాలకుని గొంతును వెక్కిరించే కవితను, కంపెనీ ఉరితీయమనే మాటగానే చదివింది! వ్యంగ్యం తెలియని విమర్శకులను మన సాహిత్యంలోనూ చూశాం. కాని వారి చేతుల్లో కవి నోరు మూయించే మీట లేదు.

నిరసనగా ఎందరో మాస్టొడాన్‌కు తరలిపోయారు. నేనూ వెళ్లాను. దానికి ఏకైక యజమాని లేడు. వేలాది సర్వర్లు వేర్వేరు మనుషుల చేతుల్లో వుండి, ఉమ్మడి నియమావళితో మాట్లాడుకొంటాయి. ఏ వూరి తపాలా పెట్టెలో వేసినా ఉత్తరం మరో వూరు చేరినట్లు. మూడు వారాలకు నేను వెనక్కు వచ్చేశాను. నా విద్యార్థులు అక్కడ లేరు.

2022 అక్టోబరులో ఎలాన్ మస్క్ ట్విట్టర్‌ను 4,400 కోట్ల డాలర్లకు కొన్నాడు. మాస్టొడాన్‌ను నెలనెలా వాడేవారు మూడు లక్షలనుంచి నవంబరుకల్లా పాతిక లక్షలు దాటారు. ఆ ఉప్పెన నిలవలేదు.

యిది మధ్యతరగతి పలాయనమని నా సహాధ్యాపకుడొకరు వాదిస్తారు. జనమున్న చోటే పోరాడాలి గదా అంటారు. ఆ మాటలో సత్యం లేకపోలేదు. అయితే అక్కడ మనం రాసే ప్రతి నిరసనా యజమాని ప్రకటనల పక్కన సరుకై కూర్చుంటున్నదే! తిట్టినా, పొగిడినా లాభం అతనిదే.

యజమాని లేని యింటిని మాత్రం ఎవరు వూడ్చాలి? 2023లో మాస్టొడాన్ డాట్ లాల్ అనే సర్వరును దాని నిర్వాహకుడు మూసివేశాడు. వేలమంది తగాదాలు, దూషణలు ఒక్కడు ఎంతకాలం భరిస్తాడు? సర్వరు మారితే మన అనుచరులను వెంట తీసుకుపోవచ్చు, పాత రాతలను తీసుకుపోలేం. అతన్ని నిందించబోయి ఆగిపోయాను. నేనున్న ఆ మూడు వారాలలో అద్దె ఎవరు కడుతున్నారని, బూతులు ఎవరు తొలగిస్తున్నారని ఒక్కసారీ అడగలేదు. కంపెనీని ద్వేషిస్తూనే, ఖాతాదారుడిలాగానే మసలుకొన్నాను.

యీ మధ్య మళ్లీ ఖాతా తెరిచాను. యీసారి మొదట చూసింది సర్వరు ఖర్చుల పట్టిక. నెలకు కొంత పంపుతున్నాను. ఫిర్యాదులు చదివే పనిలో వారానికి ఒక సాయంకాలం నా వంతు. విద్యార్థులు యింకా పాతచోటే వున్నారు. అక్కడి ఖాతా కూడా నేను మూయలేదు.