కళాశాల చదువు: లెక్కలోనికి రాని లాభనష్టములు

చదువవలసిన వాక్యభాగములు: దానియేలు 1:1–17, లూకా 2:41–52



పరీక్షా ఫలితములు వెలువడగానే మన సంఘములలోని తలిదండ్రులు రెండు ప్రశ్నలడుగుదురు. ఫీజెంత? చదువైన తరువాత జీతమెంత? అడుగదగినవే. బీదవాని యింట రూకల లెక్క తప్పదు. అయితే రసీదులో వ్రాయబడని లాభములును నష్టములును కలవు. వాటినిగూర్చి ఈ మాసము ధ్యానింతము.

దానియేలును అతని స్నేహితులును బబులోనులో మూడు సంవత్సరములు చదివిరి. ఇంచుమించు మన డిగ్రీ చదువంత కాలము. చదివినది కల్దీయుల విద్య, కల్దీయుల భాష. వారి పేర్లు సహా మార్చబడెను. అయినను వారు ఆ విద్యను త్రోసివేయలేదు, రాజు భోజనమును మాత్రము వద్దనిరి. ఏది పుచ్చుకొనవలెనో ఏది మానవలెనో యెరుగు వివేకము వారు ఇంటినుండి తీసికొనిపోయినదే.

మన పితరులలో అనేకులకు ఊరి బడి తలుపు తెరువబడలేదు. మిషను బడులు వచ్చిన పిమ్మటనే వారు పలక పట్టిరి. నేడు ఆంధ్ర క్రైస్తవ కళాశాల యనబడునది గుంటూరులో 1885లో లూథరను మిషనువారిచే ఆరంభింపబడెను. అట్టి చదువుల ఫలము జీతము మాత్రమేనా? తండ్రి చేతులు కట్టుకొని నిలిచిన కార్యాలయములోనే, చదివిన కుమార్తె కుర్చీలో కూర్చుండి పాసుపుస్తకములోని తప్పును తానే చూపును. దీనికి వెల కట్టగలవారెవరు? హాస్టలులో అన్ని కులముల పిల్లలతో ఒకే పంక్తిని భుజించుటయు ఒక పాఠమే. అది ప్రశ్నపత్రములో రాదు.

ఇక నష్టము. క్రిస్మసుకు ఇంటికి వచ్చిన కుమారుడు తల్లి మాటను యాసయని దిద్దును. పొలమునుండి మట్టికాళ్లతో వచ్చిన తండ్రిని స్నేహితులకు చూపుటకు సంకోచించును. ఇది కొంతకాలమునకు మానవచ్చును. నన్ను ఎక్కువ బాధించునది మరియొకటి. తమ్ముని చదువు నిమిత్తము పదవ తరగతితో నిలిచిపోయి మిరపకాయలు కోయబోవు అక్క మన సంఘములలో లేదా? దానిని పెద్దలు త్యాగమందురు. తానై యిచ్చినదే త్యాగము. ఆమెనెవరైనను అడిగిరా? అడుగక తీసికొన్నదానికి ఆ పేరు పెట్టుట నాకు సమ్మతము కాదు.

మరియు కళాశాలనుండి వచ్చిన యౌవనుడు ఆదికాండమునుగూర్చి ఒక ప్రశ్న వేయగానే, చదువవేసిన ఉన్న మతి పోయినదని మనము నవ్వుదుము. మన ప్రభువు పండ్రెండేండ్ల ప్రాయమున దేవాలయములో బోధకుల నడుమ కూర్చుండి, వారి మాటలు వినుచు వారిని ప్రశ్నలడిగెను. వారాయనను లేచిపొమ్మనలేదు. మనమైతే నోరు మూయింతుము. నాలుగు వారములకు ఆ యౌవనుడు గుడికి రాడు. అప్పుడు కళాశాలను నిందింతుము.

ఆయన పలికిన మాటను యోసేపు మరియలు గ్రహింపలేదని లూకా దాచక వ్రాసెను. అయినను ఆయన వారితో కూడ నజరేతునకు వచ్చి వారికి లోబడియుండెను. తల్లి ఆ సంగతులన్నిటిని హృదయములో భద్రము చేసికొనెను. అక్షరము రాని మన తల్లులకు ఈ భాగమును మెల్లగా చదివి వినిపింపుడి.

సంఘపెద్దలకొక మనవి. పిల్లలు కళాశాలకు బయలుదేరకమునుపు ఒక ఆదివారము ఆరాధన ముగిసిన పిమ్మట వారిని, వారి తలిదండ్రులను, చదువు మానిన అక్కలను పిలిచి ఒకే చాపమీద కూర్చుండబెట్టుడి. మొదట అక్కలను మాటలాడనియ్యుడి.