ఆరోగ్యం: అల్లాహ్ అప్పగించిన అమానతు



మన పొరుగువాడు మన దగ్గర ఒక వస్తువు దాచుకొమ్మని ఇచ్చి వెళ్తే దాన్ని ఎంత భద్రంగా చూస్తాం! పోగొడితే రేపు అతనికి ఏమని సమాధానం చెప్పాలని భయపడతాం. మరి ఈ కళ్లు, ఈ ఊపిరి, ఈ గుండె, ఈ మనసు ఎవరివి? వీటిని మనం సంపాదించుకోలేదు, కొనుక్కోలేదు. ఇవి అల్లాహ్ మనకు కొంతకాలం అప్పగించిన అమానతు. అనేకమంది మోసపోయే వరాలు రెండున్నాయని, అవి ఆరోగ్యం, తీరిక అని మహాప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లమ్) హెచ్చరించారు. ఉన్నప్పుడు వాటి విలువ తెలియదు. తెలిసేసరికి చేజారిపోయి ఉంటాయి.

శరీరానికీ హక్కుంది

దైవప్రవక్త (స) మదీనాలో హజ్రత్ సల్మాన్ (రజి), హజ్రత్ అబూ దర్దా (రజి) గార్ల మధ్య సోదర సంబంధం ఏర్పరచారు. ఒకనాడు సల్మాన్ (రజి) ఆ ఇంటికి వెళ్తే ఇల్లాలు మాసిన బట్టల్లో, దిగులుగా కనిపించారు. కారణం అడిగితే, మీ సోదరునికి ఈ లోకంతో పనే లేదని చెప్పారు. అబూ దర్దా (రజి) పగలంతా రోజా, రాత్రంతా నమాజు. సల్మాన్ (రజి) పట్టుబట్టి ఆయనచేత అన్నం తినిపించారు. రాత్రి తొలిజామున లేవబోతే పడుకోమన్నారు. చివరి జామున ఇద్దరూ లేచి నమాజు చేశారు. ఆ తర్వాత ఆయనకు ఒక మాట బోధించారు: ప్రభువుకు మీపై హక్కుంది, మీ ప్రాణానికీ మీపై హక్కుంది, మీ ఇంటివారికీ హక్కుంది, ఎవరి హక్కు వారికి చెల్లించాలని. విషయం ప్రవక్త (స) వారికి చేరితే, సల్మాన్ చెప్పింది నిజమని ఆయన అన్నారు. ఈ సంఘటన బుఖారీ గ్రంథంలో ఉంది.

గమనించండి! అబూ దర్దా (రజి) చేస్తున్నది పాపం కాదు, ఆరాధన. ఆరాధన కోసమైనా సరే శరీరాన్ని, ఇల్లాలి మనసును నలగ్గొట్టడానికి ఇస్లామ్ అనుమతించలేదు. అలాంటప్పుడు బీడీ కోసం, గుట్కా కోసం, అర్ధరాత్రి దాకా సెల్‌ఫోను కోసం ఈ అమానతును పాడుచేస్తే రేపు అల్లాహ్ సన్నిధిలో ఏం జవాబు చెప్పగలం?

కుప్పం నుంచి తెల్లవారుజామున రైలెక్కి బెంగుళూరులో పనిచేసి, పొద్దుపోయాక ఇల్లు చేరే సోదరులు ఎందరో ఉన్నారు. హలాల్ సంపాదన కోసం వారు పడే శ్రమకు అల్లాహ్ దగ్గర తప్పక ప్రతిఫలం ఉంది. అయితే దొరికిన నాలుగు గంటల నిద్రను కూడా ఫోనుకు అర్పించుకుంటే ఫజర్ నమాజూ పోతుంది, ఒళ్లూ గుల్ల అవుతుంది. ఇషా తర్వాత కబుర్లతో పొద్దుపుచ్చడాన్ని దైవప్రవక్త (స) ఇష్టపడేవారు కాదు. పద్నాలుగు వందల ఏళ్ల నాటి ఆ అలవాటు మన కాలానికి ఎంత మందో చూడండి!

మన గడప ముందే ఒక పాఠం

మదనపల్లెకు ఆనుకొని ఆరోగ్యవరం ఉంది. ఆ పేరులోనే ఆరోగ్యం ఒక వరమనే అర్థం వినిపిస్తుంది. క్షయవ్యాధికి మందు లేని రోజుల్లో, 1912లో మదనపల్లెలో మొదలై 1915లో అక్కడికి చేరిన క్షయ శానిటోరియం అది. డెన్మార్కు వైద్యుడు క్రిస్టియన్ ఫ్రిమోట్-మోలర్ దాని తొలి అధిపతి. గాలి, వెలుతురు, విశ్రాంతి, మంచి తిండి, నెలల తరబడి ఓపిక. ఆనాటి చికిత్స చాలావరకు ఇంతే. ఎక్కడెక్కడి నుంచో రోగులు అక్కడికి వచ్చేవారు. 1948లో మన దేశంలో బి.సి.జి. టీకా తొలిగా వేసిన చోట్లలో మదనపల్లె ఒకటి.

ఆ తర్వాత అల్లాహ్ అనుగ్రహంతో మందులు దొరికాయి. 1956లో మద్రాసులో ప్రారంభమైన పరిశోధనా కేంద్రం పేద రోగులను రెండు వర్గాలుగా చేసి, ఒక వర్గానికి శానిటోరియంలో, మరో వర్గానికి ఇంట్లోనే మందులిచ్చి చూసింది. ఇరుకు ఇళ్లలో, చాలీచాలని తిండితో ఉన్నవారు కూడా మందు సరిగ్గా వాడితే దాదాపు అంతే బాగా కోలుకున్నారని, ఇంట్లో ఉంచుకున్నందువల్ల కుటుంబీకులకు ప్రమాదం పెరగలేదని 1959లో తేలింది. మందు లేకుండా అల్లాహ్ ఏ వ్యాధినీ దించలేదని, వైద్యం చేయించుకోండని ప్రవక్త (స) పల్లెటూరి అరబ్బులకు చెప్పిన మాట మన కళ్లముందే రుజువైంది.

దాచిన రోగం

కాని సోదరులారా, ఇంత దగ్గర్లో ఇంత చరిత్ర ఉండి కూడా మన ఇళ్లలో నేటికీ జరుగుతున్నదేమిటి? పెళ్లీడు పిల్లకు మూడు వారాలుగా దగ్గు. సాయంత్రమైతే ఒళ్లు వెచ్చన. మనిషి చిక్కిపోతోంది. "ఆస్పత్రికి తీసుకెళ్తే నలుగురికీ తెలుస్తుంది, రేపు సంబంధాలు రావు" అని తల్లి భయం. కోడలికైతే, "పుట్టింటికి పంపించేయండి" అనే మాట. పంపిన చోట మందు నడుమ ఆగిపోతుంది. పరువు నిలబెట్టామనుకుంటాం, నిజానికి ఒక ప్రాణాన్ని పణంగా పెడుతున్నాం. మన చేతులారా మనల్ని వినాశంలో పడవేసుకోవద్దని ఖుర్ఆన్ రెండవ సూరా హెచ్చరిస్తోంది. ఇది వినాశం కాక మరేమిటి?

రెండు వారాలకు మించి దగ్గు, సాయంత్రపు జ్వరం, బరువు తగ్గడం, రాత్రి చెమటలు, కఫంలో రక్తం. వీటిలో ఏది కనిపించినా ప్రభుత్వాసుపత్రిలో కఫం పరీక్ష చేయించాలి. పరీక్షా ఉచితం, మందులూ ఉచితం. మామూలు క్షయకు ఆరు నెలల మందు. రెండు నెలలకే ఒంట్లో బాగైందని ఆపేస్తే రోగం మొండికెత్తి మందులకు లొంగకుండా పోతుంది. రోగి పోషణ కోసం ప్రభుత్వం 2018 నుంచి నెలకు ఐదు వందలు, 2024 నవంబరు నుంచి నెలకు వెయ్యి రూపాయలు ఇస్తోంది. క్షయ గాలి ద్వారా సోకుతుంది గాని కంచం, గ్లాసు ద్వారా కాదు. కాబట్టి రోగికి కంచం వేరుచేసి మనసు నొప్పించకండి. కిటికీ తెరవండి, దగ్గేటప్పుడు నోటికి గుడ్డ అడ్డుపెట్టుకొమ్మనండి, మందు వేళకు అందించండి.

"రోగం ఇచ్చినవాడే తీసేస్తాడు, తవక్కుల్ ఉంటే చాలు" అనేవారూ ఉన్నారు. హజ్రత్ ఉమర్ (రజి) సిరియాకు వెళ్తూ అక్కడ ప్లేగు ప్రబలిందని విని వెనుదిరిగారు. అల్లాహ్ విధివ్రాత నుంచి పారిపోతున్నారా అని హజ్రత్ అబూ ఉబైదా (రజి) అడిగితే, అల్లాహ్ విధి నుంచి అల్లాహ్ విధి వైపుకే వెళ్తున్నామని ఆయన బదులిచ్చారు. రోగం విధి అయితే మందు కూడా విధే కదా! హజ్రత్ అయ్యూబ్ (అలైహిస్సలామ్) రోగంలో దుఆ చేసినప్పుడు, కాలితో నేలను తట్టమని, పుట్టిన నీటితో స్నానం చేసి తాగమని అల్లాహ్ ఆదేశించాడు. దుఆ చేయండి, చేయించుకోండి. కాని దుఆ మందుకు తోడే గాని అడ్డు కాదు.

మనసుకూ జబ్బు చేస్తుంది

ఒంటి జబ్బు పదిమందికి కనిపిస్తుంది. మనసు జబ్బు కనిపించదు. మదనపల్లె మార్కెట్టులో 2023 జూలైలో కిలో వంద రూపాయలు దాటిన టమోటా, రెండు నెలలు తిరక్కుండానే నేలకు పడింది. మదనపల్లె, పుంగనూరు చుట్టుపక్కల పల్లెల్లో అప్పు తెచ్చి నారు నాటిన రైతుకు ఆ రాత్రి నిద్ర ఎలా పడుతుంది? అలాంటివాడితో "ఈమాన్ గట్టిగా ఉంటే దిగులెందుకు?" అంటాం. ఈ మాట న్యాయమేనా?

హజ్రత్ యాఖూబ్ (అలైహిస్సలామ్) దైవప్రవక్త. ఆయన ఈమాన్‌లో లోపముందా? కుమారుడు యూసుఫ్ కోసం దుఃఖించి దుఃఖించి ఆయన కళ్లు తెల్లబడ్డాయని ఖుర్ఆన్ తెలుపుతోంది. ఆయన తన బాధను అల్లాహ్‌కు మొరపెట్టుకున్నారు. అంతటితో ఆగక, వెళ్లి యూసుఫ్‌ను వెతకండి, అల్లాహ్ కారుణ్యం పట్ల నిరాశ చెందకండని కొడుకులను పంపించారు. దుఃఖం, దుఆ, ప్రయత్నం. విశ్వాసి జీవితంలో ఈ మూడింటికీ చోటుంది. మన ప్రవక్త (స) కూడా పసివాడైన కుమారుడు ఇబ్రాహీమ్ మరణించినప్పుడు కన్నీరు పెట్టుకున్నారు. దిగులు నుంచి, దుఃఖం నుంచి, అప్పుల భారం నుంచి అల్లాహ్ శరణు వేడుకునేవారు.

హజ్రత్ మర్యమ్ (అలైహస్సలామ్) ప్రసవ వేదనలో, ఒంటరితనంలో, ఇంతకుముందే చనిపోయి ఉంటే బాగుండేదని అనుకున్నారు. అల్లాహ్ ఆమెను మందలించలేదు. దుఃఖించవద్దని ఓదార్చాడు. కాళ్లదగ్గర సెలయేరు, తలమీద ఖర్జూరపు పండ్లు చూపి, తిను, తాగు, కళ్లు చల్లబరచుకో అన్నాడు. మన ఇంట్లో కాన్పయిన కోడలు కారణం తెలియకుండా ఏడుస్తుంటే, "అందరూ కనలేదా?" అని గద్దించే ముందు ఈ సూరా మర్యమ్‌ను ఒకసారి గుర్తు చేసుకోండి. ఆమెకు వేడి అన్నం, కాస్త నిద్ర, ఒక తీయని మాట కావాలి. రెండు వారాలైనా దిగులు తగ్గకపోతే డాక్టరు కావాలి.

మనసు బరువెక్కి నిద్ర, ఆకలి పోయినవారు, బతుకు మీద విరక్తి కలిగినవారు సిగ్గుపడకుండా సహాయం అడగాలి. 2022లో ప్రారంభమైన టెలి మానస్ నంబరు 14416కు ఏ వేళనైనా ఉచితంగా ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. ప్రాణం తీసుకోవడం హరామ్ అని చెప్పడంతో మన బాధ్యత తీరదు. ఆ ఆలోచనలో ఉన్నవాణ్ణి ఒంటరిగా వదలకపోవడం కూడా మన బాధ్యతే.

ఇంటింటా చేయదగినవి

కడుపులో మూడో వంతు తిండికి, మూడో వంతు నీటికి, మూడో వంతు ఊపిరికి వదలమన్నది ప్రవక్త (స) బోధ. దావతుల్లో దీన్ని మరచిపోకండి. ఇంట్లో అందరూ తిన్నాక మిగిలింది తినే అమ్మీకి కూడా ఆమె శరీరంపై హక్కుంది, ఆమెనూ పక్కన కూర్చోబెట్టుకొని తినండి. రమజాన్‌లో రోగికి అల్లాహ్ సడలింపు ఇచ్చాడు. షుగరుకు ఇన్సులిన్ వాడేవారు డాక్టరును, ఆలిమ్‌ను అడిగి నిర్ణయించుకోవాలి. రోగిని పరామర్శించడం సున్నత్. వెళ్లి రెండు మంచి మాటలు చెప్పి, దుఆ చేసి, త్వరగా లేచి రండి. "మా బంధువు ఇదే జబ్బుతో పోయాడు" అనే కబుర్లు అక్కడ వద్దు. మూతా యుద్ధంలో హజ్రత్ జాఫర్ (రజి) అమరులైనప్పుడు ఆ ఇంటివారికి అన్నం వండి పంపమని ప్రవక్త (స) చెప్పారు. దుఃఖంలో ఉన్న ఇంటికి ఉపదేశం కన్నా ముందు చేరవలసింది అన్నం గిన్నె.

సోదర సోదరీమణులారా! ఈ పత్రిక మూసిన తర్వాత ఒక్కసారి మీ ఇంట్లోవారి ముఖాల్లోకి చూడండి. ఎవరు దగ్గుతున్నారు? ఎవరు కొన్నాళ్లుగా మాట తగ్గించారు? ఎవరి కంచంలో అన్నం మిగిలిపోతోంది? వాళ్ల దగ్గర కూర్చొని, "ఏం బాధగా ఉంది?" అని ప్రేమతో అడగండి. ఆ ఒక్క ప్రశ్నతో ఒక ప్రాణం నిలబడవచ్చు. ఒక ప్రాణాన్ని కాపాడినవాడు సమస్త మానవాళినీ కాపాడినట్లేనన్నది ఖుర్ఆన్ బోధ కదా!

అల్లాహ్ మనకు ఆరోగ్యాన్ని, మనశ్శాంతిని ప్రసాదించుగాక! రోగులకు స్వస్థత చేకూర్చుగాక! ఈ అమానతును భద్రంగా కాపాడుకునే సద్బుద్ధిని మనందరికీ అనుగ్రహించుగాక! ఆమీన్.