పిల్లల హోంవర్కు కూడా అమానతే

సంతానం అల్లాహ్ మనకు ప్రసాదించిన వరం. అదే సమయంలో మన చేతికి అప్పగించిన అమానత్ కూడా. ప్రతి మనిషీ ఒక కాపరి లాంటివాడని, తన సంరక్షణలో ఉన్నవారి గురించి రేపు ప్రశ్నించబడతాడని దైవప్రవక్త ముహమ్మద్ (స) హెచ్చరించారు. ఈ హదీసును మనం ఎన్నోసార్లు విన్నాం. పిల్లల నమాజు గురించి, ఖుర్ఆన్ పారాయణం గురించి ఆలోచించినప్పుడు ఈ హెచ్చరిక మనకు గుర్తొస్తుంది. కాని వారి బడి సంచి దగ్గరికి వచ్చేసరికి మరచిపోతాం. “అది టీచరు పని, ట్యూషన్ పని” అని తప్పుకుంటాం.

ఆదివారం రాత్రి మన ఇళ్లలో ఏం జరుగుతోందో ఒకసారి ఆలోచించండి. ఇషా నమాజు అయిపోయింది. భోజనాలు ముగిశాయి. పడుకోబోయే ముందు నాలుగో తరగతి పిల్లవాడికి హోంవర్కు గుర్తొస్తుంది. తల్లి కేకలేస్తుంది. తండ్రి చెయ్యెత్తుతాడు. పిల్లవాడు ఏడుస్తూ కునికిపాట్లు పడతాడు. చివరికి తల్లో, అక్కో ఆ నోటుబుక్కు లాక్కుని, పిల్లవాడి దస్తూరిని అనుకరిస్తూ రెండు పేజీలు నింపేస్తుంది. సోమవారం టీచరు టిక్కు పెడుతుంది. ఇంటిల్లిపాదీ “అమ్మయ్య” అనుకుంటారు.

ఆ టిక్కు ఎవరికి?

ఆ రెండు పేజీల్లో పిల్లవాడు నేర్చుకున్న పాఠం ఏమిటి? ఎక్కాలు రాలేదు, స్పెల్లింగులు రాలేదు. కాని ఒక విషయం మాత్రం బాగా వచ్చింది. చేయని పనిని చేసినట్టు చూపించవచ్చు, దానికి మెప్పు కూడా పొందవచ్చు, ఇందులో అమ్మానాన్నలు తోడుంటారు అన్నదే ఆ పాఠం.

అబ్దుల్లా బిన్ ఆమిర్ (రజి) బాల్యంలో జరిగిన ఒక సంఘటనను హదీసు గ్రంథాలు పేర్కొన్నాయి. దైవప్రవక్త (స) వారి ఇంట్లో ఉండగా తల్లి ఆయన్ని పిలిచింది, వస్తే ఒకటి ఇస్తానంది. ఏమివ్వాలనుకున్నావని ప్రవక్త (స) ఆమెను అడిగారు. ఖర్జూరం ఇస్తానని ఆమె చెప్పింది. ఏమీ ఇవ్వకుండా ఊరికే పిలిచి ఉంటే, నీ పేరిట ఒక అబద్ధం రాయబడి ఉండేదని ఆయన తెలియజేశారు. పసివాణ్ణి దగ్గరికి పిలవడానికి చెప్పే చిన్న మాటలోనే ఇంత జాగ్రత్త అవసరమైతే, పసివాడి పేరుతో మనం రాసిచ్చే పేజీల సంగతేమిటి?

కాబట్టి మొదటి నియమం ఇది. హోంవర్కు పిల్లవాడిదే. మనం పక్కన కూర్చుంటాం, అర్థం కానిది చెబుతాం, తప్పు చూపిస్తాం. పెన్సిలు మాత్రం వాడి చేతిలోనే ఉండాలి. పూర్తికాకపోతే, పూర్తికాలేదని టీచరుకు నిజం చెప్పే ధైర్యాన్ని వాడికి నేర్పాలి. సగం రాసిన నిజమైన పేజీ, నిండుగా ఉన్న దొంగ పేజీకన్నా మేలు.

ఎంత ఉండాలి?

కొన్నిచోట్ల తప్పు ఇంట్లో ఉండదు, బడిలోనే ఉంటుంది. కేంద్ర విద్యాశాఖ 2020లో విడుదల చేసిన స్కూల్ బ్యాగ్ విధానం ప్రకారం రెండో తరగతి వరకు హోంవర్కే ఉండకూడదు. మూడు నుండి ఐదో తరగతి వరకు వారానికి గరిష్ఠంగా 2 గంటలు చాలు. రోజుకు రెండు గంటలు కాదు, వారం మొత్తానికి! ఒకటో తరగతి పసిపాపకు రోజూ నాలుగైదు పేజీల చూచిరాత ఇస్తుంటే, తల్లిదండ్రులు వెళ్లి టీచరుతో మర్యాదగా మాట్లాడవచ్చు. పిల్లల ముందు టీచరును తిట్టడం మాత్రం తగదు. గురువు పట్ల గౌరవం పోయిన చోట విద్య నిలవదు.

వారానికి 2 గంటలంటే ఆరు రోజుల్లో రోజుకు 20 నిమిషాలు. ఆదివారం రాత్రి రెండు గంటల యుద్ధానికి, రోజూ 20 నిమిషాల ప్రశాంతతకు ఎంత తేడా! కొద్దిగానైనా సరే, నిలకడగా చేసే పనే అల్లాహ్‌కు ఎక్కువ ప్రీతికరమైనదని ప్రవక్త (స) బోధించారు. ముస్లిం ఇంటికి వేరే గడియారం అక్కర్లేదు, అజాన్ ఉంది. మగ్రిబ్ నమాజు కాగానే, మక్తబ్ ఆ వేళ ఉంటే అస్ర్ తర్వాత, ఒక చాప పరచి 20 నిమిషాలు కేటాయించండి. ఆ కాసేపు టీవీ ఆపండి. మీ సెల్‌ఫోను కూడా పక్కన పెట్టండి. మనం ఫోను చూస్తూ వాణ్ణి పుస్తకం చూడమంటే ఆ మాటకు విలువుండదు.

“మాకే చదువు రాదు కదా!”

ఎందరో తల్లులు చెప్పే మాట ఇది. ఇంట్లో ఉర్దూ మాట్లాడతారు, బడిలో ఇంగ్లీషు మీడియం, మధ్యలో తెలుగు వాచకం. కొందరు తల్లులకు ఉర్దూ తప్ప వేరే లిపి రాదు, కొందరికి అదీ రాదు. అయినా నిరాశ పడనక్కర్లేదు.

మన మక్తబ్‌లో ఉస్తాద్ ఏం చేస్తారో గుర్తుచేసుకోండి. ఈ రోజు సబఖ్ వినిపించమంటారు, దానితోపాటు నిన్నటి పాఠం కూడా వింటారు. ఇదే పద్ధతి బడి పాఠానికీ పనికొస్తుంది. “బేటా, ఇవాళ టీచరమ్మ ఏం చెప్పారు? నాకు చెప్పు” అని అడగండి. వాడు ఉర్దూలో చెప్పినా, తెలుగులో చెప్పినా ఫరవాలేదు. చదివింది అర్థమైతేనే సొంత మాటల్లో చెప్పగలడు. పాఠం పైకి చదవమనండి. ఎక్కడ తడబడ్డాడో గమనించడానికి మీకు అక్షరాలు రానక్కర్లేదు, చెవులుంటే చాలు. తడబడిన చోట పెన్సిలుతో గీత పెట్టించి, మర్నాడు టీచరును అడగమనండి.

లెక్కలకు వంటిల్లే బడి. చింతపిక్కలతో కూడికలు, రొట్టెలతో భాగహారం చేయించవచ్చు. ఐదు పూటల ఫర్జ్ రకాతులు 2, 4, 4, 3, 4 కలిపితే ఎంత? ఒకటో తరగతి పాప 17 అని చెప్పగలదు. చాంద్రమాన సంవత్సరానికి సుమారు 354 రోజులు, సూర్యమానానికి 365. మరి రంజాన్ ఏటా ఎన్ని రోజులు ముందుకు జరుగుతుంది? మూడో తరగతి తీసివేత ఇది. జకాత్ నలభయ్యో వంతు కదా, 1000 రూపాయలకు ఎంత? ఐదో తరగతి పిల్లవాడు 25 అని తేల్చినప్పుడు, భాగహారంతోపాటు ధర్మం కూడా నేర్చుకుంటాడు.

ఇమామ్ షాఫయీ (రహ్మలై) చిన్నప్పుడే తండ్రిని కోల్పోయారు. పేదరాలైన తల్లి ఆయన్ని మక్కాకు తీసుకువచ్చింది. గురువుకు ఇవ్వడానికి ఆమె దగ్గర డబ్బు లేదని, కాగితం కొనలేక ఆయన ఎముకల మీద రాసుకునేవారని చరిత్రకారులు రాశారు. ఆ తల్లి కొడుక్కి ట్యూషన్ ఇప్పించలేకపోయింది. కాని చదువుకు విలువ ఇచ్చింది.

కోపంతో చదువు రాదు

హజ్రత్ అనస్ (రజి)ని ఆయన తల్లి సుమారు పదేళ్ల వయసులో దైవప్రవక్త (స) సేవకు అప్పగించింది. అంటే మన ఐదో తరగతి పిల్లవాడి ఈడు. పదేళ్లు సేవ చేసిన కాలంలో ప్రవక్త (స) ఒక్కసారి కూడా తనను విసుక్కోలేదని, ఇది ఎందుకు చేశావు, అది ఎందుకు చేయలేదు అని నిలదీయలేదని ఆయన స్వయంగా చెప్పుకున్నారు. మరి మనం? ఏడో ఎక్కం తప్పితే చెంప పగలగొడతాం. పక్కింటి పిల్లవాడితో పోల్చి మనసు విరిచేస్తాం. దెబ్బకు భయపడిన పిల్లవాడికి లెక్క గుర్తుండదు, దెబ్బే గుర్తుంటుంది. తర్వాత నోటుబుక్కు దాచడం మొదలుపెడతాడు.

కూతురి పుస్తకం

మరో విషయం కాస్త కఠినంగానే చెప్పాలి. అన్న చాప మీద కూర్చుని రాసుకుంటుంటే, చెల్లెల్ని గిన్నెలు కడగమని, తమ్ముణ్ణి ఎత్తుకోమని లేపుతున్న ఇళ్లు ఎన్నో ఉన్నాయి. ఒక సహాబీ తన కుమారుడు నూమాన్ (రజి)కు ఒక కానుక ఇచ్చి, దానికి సాక్షిగా ఉండమని దైవప్రవక్త (స)ను కోరారు. మిగతా పిల్లలకూ ఇలాగే ఇచ్చావా అని ఆయన అడిగారు. లేదని తెలిసి, అల్లాహ్‌కు భయపడమని, సంతానం మధ్య న్యాయం పాటించమని ఆదేశించారు. ఆ తండ్రి కానుకను వెనక్కి తీసుకున్నారు. సమయం కూడా కానుకే. ఆ 20 నిమిషాలు కూతురికీ అందాలి. ఇంటి పని ఇద్దరూ పంచుకోవాలి.

తండ్రులతో ఒక మాట

ఫీజు కట్టడంతో తండ్రి బాధ్యత తీరిపోదు. వారానికి ఒక్కసారి, జుమా రోజు సాయంత్రం అనుకోండి, పిల్లల నోటుబుక్కులు మీ చేతిలోకి తీసుకోండి. బాగున్న పేజీని మెచ్చుకోండి. ఆదివారానికి ఏం మిగిలిందో అప్పుడే తెలుస్తుంది. కువైట్‌లోనో, సౌదీలోనో ఉన్న తండ్రి ఫోనులో “బాగా చదువుతున్నావా?” అని అడిగి ఊరుకోకుండా, ఒక పేరా చదివించుకుని వినవచ్చు. వేల మైళ్ల దూరంలో ఉన్న అబ్బా తన పాఠం కోసం ఎదురుచూస్తున్నాడని తెలిస్తే పిల్లవాడు ఎంత ఉత్సాహంగా చదువుతాడో!

చదువు మొదలుపెట్టే ముందు బిస్మిల్లాహ్ అనిపించండి. జ్ఞానం పెంచమని వేడుకునే దుఆను అల్లాహ్ స్వయంగా తాహా సూరాలో నేర్పాడు, దాన్ని పిల్లల నోట పలికించండి. మార్కులు ఎక్కువ తక్కువలు కావచ్చు. నిజాయితీగా రాసిన పేజీ మాత్రం వృథా పోదు. మన పిల్లలకు ప్రయోజనకరమైన విద్యను, సత్యం పలికే నాలుకను, మనకు ఓర్పు గల హృదయాన్ని అల్లాహ్ ప్రసాదించుగాక! ఆమీన్.