గృహనిర్వాహకుని చేతిమీదుగా



మత్తయి సువార్త 20వ అధ్యాయంలోని ద్రాక్షతోట ఉపమానం మీకు తెలిసిందే. పొద్దున వచ్చినవారికీ, సాయంకాలం ఐదు గంటలకు వచ్చినవారికీ ఒకే దీనారం. యజమాని ఉదారతను గురించి, కూలీల సణుగుడును గురించి ఎన్నో ప్రసంగాలు విన్నారు. కాని ఆ కథలో మరొక మనిషి ఉన్నాడు. పొద్దుగూకాక యజమాని పిలిచి, చివర వచ్చినవారితో మొదలుపెట్టి కూలి ఇమ్మని చెప్పిన గృహనిర్వాహకుడు. డబ్బు అతనిది కాదు, నిర్ణయమూ అతనిది కాదు. అయినా యజమాని దయ కూలివాని అరచేతికి చేరింది అతని చేతిమీదుగానే.

ఈ గృహనిర్వాహకునికి నేటి పేరు హ్యూమన్ రిసోర్సెస్ అధికారి. మానవ వనరులట! బొగ్గు వనరు, నీరు వనరు. మనిషిని ఆ వరుసలో నిలబెట్టడం నాకు మాత్రం మింగుడుపడదు. పేరు ఏదైనా పని పాతదే: పనిలో పెట్టుకోవడం, జీతం లెక్కకట్టడం, ఒక్కోసారి ఇక రావద్దని చెప్పడం.

ఆ పని ఎంత బరువైనదో అమెరికాలోని కమ్యూనిటీ కళాశాలలను చూస్తే తెలుస్తుంది. 1901లో ఇల్లినాయ్ రాష్ట్రంలోని జోలియట్ పట్టణంలో మొదలైన ఈ తరహా రెండేళ్ల కళాశాలలు పేద పిల్లలకు, పగలు పనిచేసి సాయంత్రం చదువుకునేవారికి తలుపు తెరిచాయి. మన దేశంలోనూ 1996లో మద్రాసు-మైలాపూరు అగ్రమేత్రాసనం చదువు మధ్యలో ఆగిన యువత కోసం ఒక కమ్యూనిటీ కళాశాలను ప్రారంభించింది. అయితే అమెరికా కళాశాలల్లో పాఠం చెప్పేవారిలో సగానికి మించి పార్ట్‌టైమ్ వారే. టర్ముకు ఇన్ని క్లాసులని ఒప్పందం, క్లాసుకు ఇంతని జీతం. విద్యార్థులు చాలినంతమంది చేరకపోతే క్లాసు రద్దు, దానితోపాటు జీతమూ రద్దు. 2020లో కోవిడ్ వచ్చి చేరికలు పడిపోయినప్పుడు, ఇలాంటివారు ఎందరికో మరుసటి టర్ముకు పిలుపే రాలేదు.

ఆ కబురు పంపవలసింది మన గృహనిర్వాహకుడే. బడ్జెటు అతని చేతిలో లేదు. కాని కబురు ఎప్పుడు చెప్పాలి, ఎలా చెప్పాలి అన్నది చాలావరకు అతని చేతిలోనే ఉంది. నెల ముందు తెలిస్తే ఆ అధ్యాపకుడు ఇంకోచోట క్లాసు వెతుక్కుంటాడు. ముందురోజు తెలిస్తే ఇంటద్దెకు దిక్కులు చూస్తాడు. పునీత రెండవ జాన్ పాల్ పోపుగారు శ్రమను గూర్చి 1981లో వెలువరించిన విశ్వలేఖలో ‘పరోక్ష యజమాని’ అనే మాట వాడారు. పనివాని స్థితిగతులను నిర్ణయించే వ్యక్తులు, సంస్థలు, నియమాలు అన్నీ అందులోకి వస్తాయి. కాబట్టి ‘పైవారి ఉత్తర్వు’ అని పిలాతులాగా చేతులు కడుక్కుంటే కుదరదు.

ఇది అమెరికావారికి చెబుతున్న మాట కాదు. కొన్నేళ్ల క్రితం నేను ఒక పల్లె బడికి కరస్పాండెంటుగా ఉన్నాను. పిల్లలు తగ్గి, ఒక సెక్షను ఎత్తివేయవలసి వచ్చింది. ఎనిమిదేళ్లు పనిచేసిన టీచరమ్మను మానిపించాలని ఫిబ్రవరిలోనే నాకు తెలుసు. ఎదురుగా చెప్పడానికి ధైర్యం చాలక, ఏప్రిల్‌లో చివరి పనిదినాన కవరులో కాగితం పెట్టి ప్యూనుతో పంపాను. వారం తరువాత ఆమె సర్టిఫికెట్ కోసం వచ్చారు. “ఫాదర్‌గారూ, ఫిబ్రవరిలో చెప్పి ఉంటే పక్క ఊరి బడిలో ఖాళీకి దరఖాస్తు పెట్టుకునేదాన్ని గదా” అన్నారు. కోపంగా కూడా అనలేదు.

సెక్షను ఎత్తివేయడం తప్పు కాదని నేటికీ అనుకుంటాను. ఆ కవరు మాత్రం నా పాపమే. పాపసంకీర్తనం ఆ వారమే చేశాను. ఆమె ఇంటి గుమ్మం తొక్కడానికి మరో రెండు నెలలు పట్టింది. కుర్చీ వేసి, మంచినీళ్లు ఇచ్చారు. అప్పటికింకా ఆమెకు పని దొరకలేదు.