ఊరికే

తెలుగులో ‘ఊరికే’ అనే మాటకి రెండర్థాలున్నాయి. డబ్బు ఇవ్వకుండా అని ఒకటి, కారణం లేకుండా అని ఇంకొకటి. ‘ఊరికే ఇచ్చాడు’ అంటే మొదటిది. ‘ఊరికే వచ్చాను’ అంటే రెండోది. ఆడవాళ్ల విషయానికొచ్చేసరికి ఈ రెండో అర్థం ఎందుకో పనిచెయ్యదు. మండపేట బస్టాండులో భుజాన సంచీ వేసుకుని నిలబడ్డ ఆడమనిషి, ‘ఎక్కడికమ్మా?’ అన్నవాళ్లకి ‘ఊరికే వెళ్తున్నానండీ’ అని జవాబు చెప్పి చూడాలి. ఎవరూ నమ్మరు. ఆస్పత్రికా, పెళ్లికా, పుట్టింటికా, ఇంటర్వ్యూకా అని కారణాలు వాళ్లే అందిస్తారు. ఏదో ఒకటి ఒప్పుకునేదాకా వదలరు.

2024 జూలై నుంచి 2025 జూన్ దాకా నేను ఊరికే తిరిగాను. పీహెచ్‌డీ అయిపోయింది. ఫెలోషిప్పులో మిగుల్చుకున్న డబ్బు కొంత ఉంది. గెస్ట్ లెక్చరర్‌గా గంటకింత అని వచ్చేది కొంత. సెలవులు కలిసొచ్చినప్పుడల్లా బయల్దేరేదాన్ని. అరకు, పూరీ, కలకత్తా, కాశీ, వరంగల్లు, బీదరు, హంపి, రామేశ్వరం, కన్యాకుమారి... మొత్తం పదకొండు ప్రయాణాలు, 94 రోజులు. మా ఊరికి రైలు స్టేషనంటే ద్వారపూడి. అక్కడ ఆగే బళ్లు తక్కువ కాబట్టి రాజమండ్రి వెళ్లి ఎక్కేదాన్ని. మొత్తం ఖర్చు 1,18,640 రూపాయలు.

ఇంత కచ్చితంగా ఎలా తెలుసంటే, రైసుమిల్లు గుమాస్తా కూతుర్ని కనక. మా నాన్నగారు చిట్టా, ఆవర్జా రాస్తుంటే పక్కన కూచుని పెరిగాను. రోజు ముగిసేలోపు పద్దు రాయకపోతే నిద్రపట్టదు ఆయనకి. నాకూ అంతే. అయితే మూడో ప్రయాణం నాటికి నా పుస్తకంలో మామూలు పద్దులు కాక ఇంకో గడి గీసుకోవాల్సి వచ్చింది. దానికి ‘తమ్ముడి తేడా’ అని పేరు పెట్టాను. ఇదే ఊరికి, ఇదే డబ్బుతో మా తమ్ముడు వెళ్తే ఏం చేసేవాడు? వాడు ఖర్చుపెట్టేదానికీ నేను పెట్టినదానికీ ఎంత తేడా? అది ఆ గడిలో పడుతుంది.

వాడు కాశీ వెళ్లినప్పుడు మొదటి రాత్రి స్టేషన్లోనే దుప్పటి పరుచుకుని పడుకున్నాడు. పైసా ఖర్చులేదు. నేను తెల్లారి దిగే బండి కోసం చూసుకోవాలి. అది దొరక్కపోతే స్టేషన్ ఎదురుగా, జనం మసిలే వీధిలో లాడ్జి తీసుకోవాలి. సందులోపలికి పోతే సగానికి దొరుకుతుంది, కానీ పోను. నడిచి వెళ్లగల దూరానికి చీకటి పడ్డాక ఆటో. ఇద్దరికి సరిపోయే గదికి ఇద్దరి అద్దె, ఒక్కదానికి. గది తలుపుకి లోపలినుంచి అడ్డంపెట్టే రబ్బరు ముక్క 80 రూపాయలు. ఫోను ఆరిపోకుండా పవర్‌బ్యాంకు. స్లీపర్ బదులు థర్డ్ ఏసీ. ఈ చివరిది ఏ గడిలో రాయాలో చాలాసార్లు తేలేది కాదు. మే నెలలో థర్డ్ ఏసీ భయమా, సుఖమా? సుఖమే అని నాకు నేను చెప్పుకోడానికి ఇష్టంగా ఉండేది. అలా అనుమానమున్నవి వదిలేసి, ఖాయంగా భయానికి కట్టినవి మాత్రమే కూడితే 31,210 తేలింది. మొత్తంలో నాలుగో వంతు దాటింది. ఏ ప్రభుత్వమూ వెయ్యని పన్ను ఇది. రసీదు ఉండదు.

డబ్బున్నా కొనలేనివీ ఉన్నాయి. యాత్రాస్థలాల్లో చౌకగా దొరికే గది చాలాచోట్ల కులం పేరున కట్టిన సత్రంలోదే. ఒక క్షేత్రంలో మా కులపు సత్రం ఉంది. ఇంటిపేరు, గోత్రం అడిగారు, చెప్పాను. భోజనం ఉచితం అన్నారు, మర్యాదగానే మాట్లాడారు. తీరా గది దగ్గరికొచ్చేసరికి ‘మీవారు ఎప్పుడొస్తారమ్మా?’ అన్నారు. ఒంటరిగా వచ్చినవారికి గది ఇవ్వరట. కులం నాకు నీడ ఇస్తానంటోంది, పక్కన మగవాడుంటే! అసలు ఆ గడపలోకే రానివ్వని కులాలవాళ్లు మొదటినుంచీ లాడ్జి అద్దే కట్టుకుంటున్నారు కదా అన్నది బయటికొచ్చి టీ తాగుతుంటే తట్టింది. ఆ రాత్రి నేను కట్టిన 900 రూపాయల్ని భయం కింద రాయాలో, కులం వదిలినందుకు చెల్లించిన న్యాయమైన ఖరీదు కింద రాయాలో ఇప్పటికీ తెలీదు.

ప్రయాణపు లెక్కలు రాయడం మన సాహిత్యంలో కొత్తేం కాదు. ఏనుగుల వీరాస్వామి 1830 మే 18న మద్రాసు నుంచి కాశీకి బయల్దేరి, 1831 సెప్టెంబరులో తిరిగొచ్చారు. ఆయన కాశీయాత్ర చరిత్రలో మజిలీలు, ధరలు, సుంకాలు అన్నీ ఉంటాయి. సాహిత్య విద్యార్థులుగా అందరం చదువుకున్నాం. ఇంటి ఆడవాళ్లు కూడా ఉన్న పెద్ద పరివారంతో నడిచిన ప్రయాణం అది. పదిహేను నెలలు ఆ ఆడవాళ్లు ఏం చూశారో, ఎక్కడ స్నానం చేశారో, బహిష్టు రోజుల్లో ఏం చేశారో చెప్పే పుస్తకం మనకి లేదు. వర్జీనియా వుల్ఫ్ 1929లో ‘ఎ రూమ్ ఆఫ్ వన్స్ ఓన్’ రాస్తూ, రాసుకునే స్త్రీకి ఏడాదికి 500 పౌన్లు కావాలంటుంది. ఆ డబ్బు కథకురాలికి ఎక్కణ్ణుంచి వచ్చింది? బొంబాయిలో గుర్రం మీంచి పడి చనిపోయిన మేనత్త రాసిచ్చింది. స్త్రీవాదులం ఆ గది గురించి మాట్లాడినంతగా ఆ బొంబాయి గురించి మాట్లాడం. వలస దేశంలో గుర్రమెక్కి తిరిగే తెల్లదొరసాని డబ్బు అది. ఎవరి స్వేచ్ఛ అయినా ఎవరి చాకిరీ మీద నిలబడిందో అడగాలి. నన్ను కూడా అడిగారు.

అడిగింది నా స్నేహితురాలే. ఉద్యమాల్లో పనిచేసిన మనిషి. “లక్షా పద్దెనిమిది వేలు! ఒక పిల్ల ఇంటర్ రెండేళ్లూ చదివేది గదే” అంది. కొట్టిపారేసే మాట కాదు. నేనిచ్చిన జవాబు ఇది: మా వీధిలో ఏటా మాల వేసుకుని శబరిమల వెళ్లే మగవాళ్లని ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు. అక్షయ తృతీయకి బంగారం కొన్న ఆడవాళ్లని కూడా అడగలేదు, ఎందుకంటే బంగారం కూతురికి పోతుంది, కష్టకాలంలో తాకట్టుకి పోతుంది. ఆడదాని ఖర్చు ఇంకెవరికో చేరితే అది ఖర్చు. తనదగ్గరే ఆగిపోతే దుబారా. పేదపిల్ల చదువు మాట న్యాయమైనదే, కానీ అది ఎప్పుడూ ఆడవాళ్ల సంతోషం ఎదురుగానే ఎందుకు ప్రత్యక్షమవుతుంది?

ఈ వాదన బాగానే ఉందనుకున్నాను, మా కాలవ అవతలి పేటలో ఉండే అక్కతో మాట్లాడేదాకా.

అటు కోనసీమలోని రాజోలు నుంచి ఇటు మా వైపుదాకా, ఒంటరిగా ప్రయాణం చేసిన ఆడవాళ్లని వెతకాలంటే పుస్తకాలు తిరగెయ్యక్కర్లేదు. కువైట్, దుబాయ్, మస్కట్ వెళ్లినవాళ్లని పలకరిస్తే చాలు. ఈ అక్క కువైట్‌లో ఇంటిపనికి పదకొండేళ్లు ఉంది. జీవితంలో మొదటిసారి రైలెక్కింది అప్పుడే, విమానం ఎక్కిందీ అప్పుడే. భాష రాదు, తోడు లేదు. నేను రబ్బరు ముక్క కొనుక్కుని కాశీ వెళ్లినదాన్ని సోలో ట్రావెలర్ అంటున్నారు, పత్రికల్లో రాయమంటున్నారు. ఆమెని ‘కువైట్ ఆవిడ’ అంటారు, అదీ గొంతు తగ్గించి. తిరిగి ఆడది చెడింది, తిరగక మగాడు చెడ్డాడు అన్న సామెత ఆమె విషయంలో ఊరు ఊరంతా వాడింది. ఆమె పంపిన డబ్బుతో వేసిన శ్లాబు కింద కూచుని చుట్టాలు కూడా వాడారు.

“కువైట్ ఎలా ఉంటదక్కా?” అని అడిగాను.

“ఏమో పాపా. సముద్రం చూశాను. రెండుసార్లు. వాళ్ల పిల్లల్ని ఆడించడానికి తీసుకెళ్తే.”

పదకొండేళ్లలో రెండుసార్లు. కువైట్‌లో ఇంటిపనివాళ్ల కోసం చట్టం 2015లో వచ్చింది. వారానికో సెలవు ఉండాలని, పాస్‌పోర్టు యజమాని దగ్గర పెట్టుకోకూడదని అందులో ఉంది. 2016లో కనీస జీతం నెలకి 60 దీనార్లు చేశారు. అప్పటికే ఆమె వచ్చేసింది. ఇక ఇటువైపు మన ప్రభుత్వం పెట్టిన నిబంధన చూడండి. పదో తరగతి పాసవని స్త్రీ గల్ఫ్ లాంటి దేశాలకి పనికి వెళ్లాలంటే ముప్ఫై ఏళ్లు నిండాలి. పాసైనదానికి ఆ అడ్డు లేదు. రక్షణ కోసమే అంటారు. నిజంగా మోసపోయినవాళ్లు ఎందరో ఉన్నారు కాబట్టి ఆ మాటని వెక్కిరించలేను. కానీ ఆ నిబంధన ఉన్నా వయసు పెంచి రాయించుకుని, విజిటింగ్ వీసా మీద వెళ్లేవాళ్లు వెళ్తూనే ఉన్నారు. అలా వెళ్లినవాళ్లకి ఏదన్నా జరిగితే చెప్పుకునే దిక్కు కూడా ఉండదు.

మన చట్టాలు ఒంటరి స్త్రీని ఊహించుకునే తీరే అంత. 1989 రైల్వే చట్టం 139వ సెక్షన్ ప్రకారం, మగతోడు లేని స్త్రీ దగ్గర టికెట్ లేకపోయినా రాత్రిపూట ఆమెని బండి దించకూడదు. దించితే బయల్దేరిన స్టేషన్లోనో, జంక్షన్లోనో, చివరి స్టేషన్లోనో, జిల్లా కేంద్రంలోనో, అదీ పగటిపూట. చదివినప్పుడు నాకు ఎవరో చెయ్యి పట్టుకున్నట్టే అనిపించింది, మంచి చట్టం. అయితే అందులోని స్త్రీ తప్పిపోయింది, లేదా పారిపోతోంది. టికెట్ కొనుక్కుని, కిటికీ పక్కన కూచుని, ఎవరికీ చెప్పాల్సిన కారణం లేకుండా పోతున్న స్త్రీ ఏ సెక్షన్లోనూ కనపడదు.

ఇలా ఆలోచిస్తుండగా 2025 ఆగస్టు 15న ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీశక్తి వచ్చింది. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకి టికెట్ లేదు. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచే ఉంది. నేను వరంగల్లు వెళ్లినప్పుడు పక్క సీటు ఆవిడకి జీరో టికెట్ ఇచ్చి, మండపేట చిరునామా ఉన్న ఆధార్ చూసి నాకు డబ్బులు కొట్టాడు కండక్టరు. ఇప్పుడు మా బస్సుల్లోనూ మొదలైంది. దానితోపాటు మాటలూ మొదలయ్యాయి. ‘ఊరికే అని ఎక్కేస్తున్నారు’, ‘పనీపాటా లేకుండా తిరుగుతున్నారు.’ చూశారా, రెండర్థాలూ ఒక్క తిట్టులో కలిసిపోయాయి. డబ్బు కట్టకపోవడం మీదా కోపమే, కారణం చెప్పకపోవడం మీదా కోపమే. రెండోదే ఎక్కువని నా అనుమానం. ఆటోవాళ్ల బాధ వేరు, అది నిజమైన నష్టం. వాళ్లకి 2025 అక్టోబరులో తలా 15,000 ఇచ్చారు, సరిపోతుందో లేదో వాళ్లే చెప్పాలి.

నేను చూసింది ఇంకొకటి. తెల్లారకముందు రాజమండ్రి వెళ్లే బస్సులో ఇదివరకు కూడా ఆడవాళ్లుండేవారు. కడియం నర్సరీల్లో పనికి పోయేవాళ్లు, బట్టల కొట్లలో నిలబడి పనిచేసే అమ్మాయిలు. ఇప్పుడు బస్సులో సగానికి పైగా వాళ్లే. రాత్రి ఎనిమిది తర్వాత తిరిగొచ్చే బస్సు కూడా అలాగే ఉంది. ఆ బస్సులో నేను భుజం సంచీ ఒళ్లో గట్టిగా పట్టుకోలేదని దిగాక గమనించాను. అంటే నా 31,210 రూపాయలు పొదుపుతో తగ్గే పద్దు కాదు. పక్కన ఎంతమంది ఆడవాళ్లున్నారన్నదాన్ని బట్టి పెరిగి తరిగే పద్దు. నేను ఏసీ పెట్టెలో ఒక్కదాన్నీ కొనుక్కున్న భద్రత నాతోనే దిగిపోయింది. అయిదు గంటల బస్సులో కూలికి పోయే ఆడవాళ్లు తెచ్చిన భద్రత వెనక ఎక్కేవాళ్లకి కూడా మిగిలింది. వాళ్లు ఏళ్లతరబడి ఒళ్లు దాచుకుంటూ, మాటలు పడుతూ ఆ దారిని కొంచెం కొంచెంగా చదును చేశారు. వాళ్ల లెక్క రాసిన పుస్తకం కూడా ఎక్కడా లేదు. స్నేహితురాలి ప్రశ్నకి నేను చెప్పాల్సినది ఇప్పుడు కొంచెం మారింది. నా ప్రయాణం ఎవరికీ ఉపయోగపడక్కర్లేదు అని ఇప్పటికీ అంటాను. కానీ అది నా డబ్బుతో మాత్రమే జరిగింది అని అనను.

మా అమ్మ విషయం చెప్పాలి. ఆడవాళ్లకి 58 నిండితే రైల్లో సగం టికెట్ ఉండేది. అమ్మకి 58 వచ్చేలోపు, 2020 మార్చిలో, అది తీసేశారు. ఇప్పుడు ఆధార్ కార్డు జాకెట్లో పెట్టుకుని బస్సెక్కుతోంది. మొదట ద్రాక్షారామం వెళ్లింది, దర్శనానికని. తర్వాత కోటిపల్లి. గుడి తలుపులు వేసి ఉన్నాయట. రేవులో కూచుని, పంటు అటూ ఇటూ పోతుంటే చూసి, సాయంత్రానికి వచ్చింది. “మరి దర్శనం అవలేదుగా?” అని నాన్నగారు అడిగితే “లేదు” అని చెప్పి కాళ్లు కడుక్కోడానికి వెళ్లిపోయింది. ఆ తర్వాత మళ్లీ వెళ్లింది.

మొన్న పేట అక్క మా ఇంటికొచ్చినప్పుడు నా పద్దుపుస్తకం బల్ల మీద ఉంది. ఏంటిదని అడిగితే చదివి వినిపించాను. ‘తమ్ముడి తేడా’కి నవ్వింది. కాశీకి ఎంతయిందో రెండుసార్లు అడిగింది. స్లీపర్లో పోతే ఎంత, గంగ ఒడ్డున గది ఎంత, తిండికెంత... అన్నీ చెప్పాను. తక్కువలో తక్కువ పదిరోజులకి ఎంతవుతుందో కాగితం మీద వేసి చూపించాను. ఆమె దగ్గర ఆ డబ్బుంది. కాగితం చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది.

“అంతా రాశావు గాని పాపా, పదిరోజులు మా ఇంట్లో వంట ఎవరు చేస్తారో రాయలేదే” అంది. “కోడలు మిల్లుకి పోద్ది. చంటోణ్ణి చూడ్డానికి మనిషిని పెడితే రోజుకెంతడుగుద్దో అది కూడా ఎయ్యి.”

పెన్ను తీసుకున్నాను. మా వీధిలో ఆ పనికి రోజుకి ఎంత ఇస్తారో ఇద్దరికీ తెలియలేదు.