చాటు, ఎత్తు

పెరట్లో నాలుగు కోళ్లు పెంచుకోవాలనుకున్నవాళ్లు ముందుగా అడిగేది గూడు ఎన్ని అడుగులుండాలని, రేకు వెయ్యాలా తాటాకు కప్పాలా అని. నాకు మాత్రం ముందు తేలాల్సినవి వేరే రెండున్నాయనిపిస్తుంది. పొద్దుగూకాక కోడి ఎక్కడ ఉండాలనుకుంటుంది? గుడ్డు వేళకు ఎక్కడికి పోవాలనుకుంటుంది?

మొదటిదానికి జవాబు అడవిలో ఉంది. మన కోళ్లకు మూలమైన అడవికోడి రాత్రిళ్లు చెట్టెక్కి పడుకుంటుంది. వేల ఏళ్లు మనుషుల మధ్య బతికినా ఆ గుణం పోలేదు. కట్టడి లేని పల్లె కోళ్లు సాయంత్రమయ్యేసరికి చెట్టుకొమ్మో, కొట్టంలో వాసమో వెతుక్కుంటాయి. చీకట్లో వాటికి చూపు సరిగా ఆనదు, అందుకే వెలుగుండగానే ఆ తొందర. కాలు మడిచి కూర్చోగానే వేళ్లు కొమ్మను వాటంతటవే పట్టుకుంటాయి. నిద్రలో పడిపోతానన్న బెంగ ఉండదు. గూట్లో ఆ కొమ్మకు బదులు ఒక కర్ర కావాలి. దాని మీద ఒక్కో కోడికి జానెడు చోటు చాలు. కర్ర రెండంగుళాల వెడల్పుండి, అంచులు నున్నగా చెక్కి ఉండాలి. గోడకు అడుగు దూరంగా బిగించాలి.

రెండు మూడు కర్రలు వేసేటప్పుడు అన్నీ ఒకే ఎత్తులో వెయ్యడం మంచిది. మెట్లుమెట్లుగా వేస్తే పై కర్ర కోసం రోజూ పోట్లాటే. కోళ్లలో ఎవరు ఎవరిని పొడవవచ్చో ఒక వరస ఉంటుందని నార్వేకు చెందిన షెల్డెరప్-ఎబ్బె 1922లోనే రాశాడు. ఆ వరసను మనం మార్చలేం. వరసలో కింద ఉన్నదానికి రాత్రయినా కాస్త నెమ్మది దొరికేలా కర్రలు బిగించడం మన చేతిలో పనే. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ తయారుచేసిన వనరాజా లాంటి బరువైన జాతులైతే కర్ర మోకాలెత్తుకు మించకపోవడమే నయం. పైనుంచి దూకి దూకి వాటి పాదాలు దెబ్బతింటాయి.

ఇక గుడ్డు సంగతి. గుడ్డుకు తిరిగే పెట్టను చూస్తే ఎవరికైనా తెలుస్తుంది, దానికి ఆ కాసేపూ ఎవరూ వద్దు. మూలమూలా తొంగిచూస్తుంది, లోపలికి పోతుంది, బయటికొస్తుంది, గడ్డిని రొమ్ముతో ఒత్తి గుంట చేసుకుంటుంది. గడ్డివాము పక్కనో, మంచం కిందో, పాత గంపలోనో అది వెతికేది చాటు కోసమే. పౌల్ట్రీ పంజరంలోని కోడికి ఆ చాటు లేదు, అయినా వెతుకులాట ఆగదు. గుడ్డు వేళకు ఇనుప తీగల మధ్యే అటూ ఇటూ తిరుగుతూ ఉంటుంది. పంజరాల పెంపకాన్ని తప్పుపడుతూ రూత్ హారిసన్ బ్రిటన్‌లో 1964లో ‘యానిమల్ మెషీన్స్’ అనే పుస్తకం రాసింది. ఆ వాదన చట్టమై నిలవడానికి దశాబ్దాలు పట్టింది. 2012 నుంచి యూరోపియన్ యూనియన్‌లో ఉత్త పంజరాలు చెల్లవు. పంజరమైనా అందులో గుడ్డుకు చాటు ఉండాలి, కోడికి పదిహేను సెంటీమీటర్ల కర్ర ఉండాలి. జానెడైనా లేని ఆ కర్ర కోసం అంత కాలం పట్టిందంటే మనసు కలుక్కుమంటుంది.

చాటు గురించిన ఈ ఆలోచన కోళ్ల దగ్గర ఆగలేదు నాకు. మన ఇళ్లలో దేవుడికో గది, టీవీకో గోడ ఉంటాయి. ఇల్లంతా నడిపే అమ్మకు, కాసేపు ఎవరూ పిలవని చోటు ఏదని అడిగితే చాలా ఇళ్లలో జవాబుండదు. వంటగది ఆమెది అంటాం గానీ అక్కడికే అందరూ వస్తారు.

మళ్లీ గూటి సంగతికొస్తే, గుడ్ల పెట్టెకు అడుగు వెడల్పు, అడుగు లోతు సరిపోతాయి. గడ్డి జారిపోకుండా ముందు బెత్తెడు అడ్డపట్టీ కావాలి. నాలుగైదు పెట్టలకు ఒక పెట్టె చొప్పున లెక్క. ఎన్ని కట్టినా అన్నీ ఒకదాని కోసమే కాచుక్కూర్చుంటాయి, కూర్చోనివ్వండి. గాలి మాత్రం మరవద్దు. మన ఎండలకు, రెట్ట ఘాటుకు, కర్రకు పైన గోడలో సన్న జాలీ కిటికీ ఉండి తీరాలి. ఆ జాలీయే పాముకూ ముంగిసకూ అడ్డు.

వడ్రంగికి పని అప్పజెప్పేముందు ఒక సాయంత్రం, ఒక ఉదయం పక్కింటి కోళ్లనైనా చూడండి. ముందు కర్ర ఎత్తు తేల్చుకోండి. పెట్టెలు దానికి కనీసం అడుగు కిందుగా, గూట్లో అన్నిటికంటే చీకటిగా ఉండే మూలన పెట్టించండి. పెట్టె పైనుంటే కోళ్లు అందులోనే నిద్రపోతాయి, రాత్రి రెట్టంతా గడ్డిలోనే పడుతుంది, తెల్లారి గుడ్డు పెట్టడానికి వచ్చిన పెట్టకు శుభ్రమైన చోటు మిగలదు.