తెరిచిన చెయ్యే మూయాలి

అమ్మడూ,

నిన్న ఫోన్ పెట్టేసిన దగ్గర నుంచి నీ మాటలే గుర్తొస్తున్నాయి. ఆఫీసులో ఎక్సెల్ మాక్రోల పని నీకు అప్పగించారనీ, రోజువారీ లెక్కలన్నీ టెక్స్ట్ ఫైళ్లలో పడుతున్నాయనీ చెప్పావు. "ఫైలు తెరవడానికేముంది పెదనాన్నా, ఒక్క లైనే కదా" అన్నావు. ఆ ఒక్క లైను గురించే ఈ ఉత్తరం.

మీ తాతయ్య కొట్లో చిట్టా, ఆవర్జా అని రెండు పుస్తకాలుండేవి. చిట్టాలో ఏ రోజు పద్దులు ఆ రోజు, ఒకదాని కింద ఒకటి రాసేవారు. మధ్యలో ఇరికించడానికి వీల్లేదు. ఆవర్జాలో అయితే మనిషి పేరు చూసుకుని నేరుగా ఆ పుట తీయొచ్చు. నీ టెక్స్ట్ ఫైలు, అంటే సీక్వెన్షియల్ ఫైలు, చిట్టా వంటిది. చదివితే మొదటి నుంచి వరసగా చదవాలి, చేర్చితే చివర చేర్చాలి.

అందుకే నీ మాక్రోల భాష విజువల్ బేసిక్, ఫైలు తెరిచేటప్పుడే ఎందుకు తెరుస్తున్నావో చెప్పమంటుంది. ఇన్‌పుట్ అంటే చదవడానికి. అపెండ్ అంటే ఉన్నదాని కింద చేర్చడానికి. ఔట్‌పుట్ అంటే మొదటి నుంచి కొత్తగా రాయడానికి. జాగ్రత్త తల్లీ, ఔట్‌పుట్ అని తెరిచిన క్షణంలోనే, నువ్వు ఒక్క అక్షరం రాయకముందే, పాతదంతా చెరిగిపోతుంది. హెచ్చరిక రాదు, ఎర్రర్ రాదు.

1999లో ఒక వ్యాపారికి వీబీ 6లో బిల్లుల ప్రోగ్రాం రాసిచ్చాను. ఒకనాడు చిన్న మార్పు చేస్తూ అపెండ్ ఉండాల్సిన చోట ఔట్‌పుట్ పెట్టాను. ఆ మధ్యాహ్నం మొదటి బిల్లు పడగానే మూడు నెలల పద్దులు పోయాయి. కాగితం బిల్లులు ముందు పెట్టుకుని మూడు రాత్రులు మళ్లీ ఎక్కించాను. ఆ కష్టం నీకు రాకూడదు. ఉన్న ఫైలును పూర్తిగా తిరగరాయవలసి వస్తే, వేరే పేరుతో కొత్త ఫైలు రాసి మూసెయ్యి. తర్వాత పాతదాని పేరు మార్చి పక్కన దాచి, కొత్తదానికి అసలు పేరు పెట్టు. మధ్యలో కరెంటు పోయినా పాత లెక్క నీ దగ్గర ఉంటుంది.

ఇక తాళం సంగతి. ఆ ఫైళ్లు అందరూ వాడే నెట్‌వర్క్ ఫోల్డర్‌లో ఉన్నాయన్నావు. అంటే నువ్వు తెరిచిన సమయంలోనే ఇంకొకరూ తెరవొచ్చు. లాక్ రైట్ అంటే ఇతరులు రాయకూడదు. లాక్ రీడ్ అంటే చదవకూడదు. లాక్ రీడ్ రైట్ అంటే రెండూ కూడదు. షేర్డ్ అంటే ఎవరైనా రావచ్చు. వీటిలో ఏది కావాలో ఓపెన్ లైనులోనే పేరు పెట్టి రాయి, దాని ఇష్టానికి వదిలెయ్యకు. ఇంకో మాట: సీక్వెన్షియల్ ఫైలులో ఒక్క పద్దుకే తాళం వెయ్యడం కుదరదు. లాక్ స్టేట్‌మెంటుకు ఏ హద్దులిచ్చినా మొత్తం ఫైలుకే తాళం పడుతుంది. కాబట్టి ఎక్కువసేపు పట్టుకుని కూర్చోకు.

బిల్లు నంబరు దాచే ఫైలు ఉంటుంది చూశావూ, అక్కడే పెద్ద ప్రమాదం. ఇన్‌పుట్‌గా తెరిచి 57 అని చదువుతావు, మూస్తావు, ఔట్‌పుట్‌గా తెరిచి 58 అని రాస్తావు. ఆ మూయడానికీ తెరవడానికీ మధ్య సందులో పక్క కంప్యూటరు కూడా 57నే చదివితే ఒకే నంబరుతో రెండు బిల్లులు పుడతాయి. దీనికి వేరే గేటు ఫైలు ఒకటి పెట్టుకో. ముందు దాన్ని లాక్ రీడ్ రైట్‌తో తెరువు, లోపల పనంతా చేసుకో, చివరికి గేటు మూసెయ్యి. అందరూ ఆ గేటు గుండానే రావాలి. ఫైలు ఉందా లేదా అని మాత్రమే చూసే పద్ధతి వద్దు. ప్రోగ్రాం మధ్యలో ఆగిపోతే ఆ ఫైలు అలాగే మిగిలి అందరినీ ఆపేస్తుంది. తెరిచి పట్టుకున్న తాళమైతే ఎక్సెల్ మూతపడ్డాక విండోసే విడిపిస్తుంది.

గేటు దగ్గర నీకు 70వ నంబరు ఎర్రర్ వస్తే కంగారు పడకు. సాధారణంగా లోపల ఇంకొకరు ఉన్నారని దానర్థం. ఒక క్షణం ఆగి మళ్లీ తట్టు. పదిసార్లు తట్టినా తెరుచుకోకపోతే ఆ సంగతి వాడేవాళ్లకు స్పష్టంగా చెప్పు. అంతేగానీ ఆన్ ఎర్రర్ రెజ్యూమ్ నెక్స్ట్ అని రాసి దాని నోరు నొక్కకు. అప్పుడు ఫైలు తెరుచుకోదు, పద్దు పడదు, పడిందని మనిషి నమ్మి ఇంటికి వెళ్లిపోతాడు.

ఫైలు నంబరు చేత్తో ఒకటి, రెండు అని వెయ్యకు, ఫ్రీఫైల్ ఫంక్షన్‌ను అడుగు. రెండు ఫైళ్లు కావాలంటే మొదటిది తెరిచాకే రెండోదానికి నంబరు అడుగు, లేకపోతే రెండింటికీ ఒకే నంబరు ఇస్తుంది. మన తెలుగు పేర్లు ప్రింట్ స్టేట్‌మెంటుతో రాయబోకు. అది విండోస్ పాత కోడ్ పేజీలో రాస్తుంది, ఆ కోడ్ పేజీల్లో తెలుగుకు చోటు లేదు. అక్షరాలన్నీ ప్రశ్నార్థకాలై కూర్చుంటాయి. అలాంటి చోట ఏడీవోడీబీ స్ట్రీమ్ తీసుకుని యూటీఎఫ్-8లో రాయి.

చివరిగా, క్లోజ్. నువ్వు రాసింది కొంతసేపు బఫర్‌లోనే ఉండొచ్చు. మూసినప్పుడే అంతా ఫైలుకు చేరుతుంది, తాళమూ విడుతుంది. పని సాఫీగా సాగిన దారిలోనే కాదు, తప్పు జరిగి బయటికొచ్చే దారిలో కూడా క్లోజ్ ఉండాలి.

రేపు పొద్దున ఆఫీసుకు వెళ్లగానే పాత కోడులో ఓపెన్ అన్న మాట ఉన్న ప్రతి లైనూ వెతుకు. ఎందుకు తెరిచారు, ఎవరిని ఆపారు, ఎక్కడ మూశారు అని మూడు ప్రశ్నలు వెయ్యి. మూడింటికీ జవాబు దొరకని లైను ఎంత కాలంగా నడుస్తున్నదైనా సరే, ముందు దాన్ని సరిచెయ్యి తల్లీ. ఆ ఫైళ్లలో ఉన్నది ఎవరో కష్టపడి సంపాదించుకున్న లెక్క.